ఎక్కే పాదరసం, తగ్గే నాడి

సైన్యంలో వైద్య సహాయకుడిగా పనిచేసి వచ్చాక, 1998 వేసవిలో మాదాపూర్ దగ్గర ఆఫీసు భవనం కడుతున్న చోట ప్రథమ చికిత్స గదిలో చేరాను. ఇంట్లోవాళ్లు దాన్ని ఉద్యోగం అనేవారు. నాకది మరో పోస్టింగే. చుట్టూ బండరాళ్లు, నెత్తిన ఎండ. రేకుల గదిలో ఒక మంచం, పాదరసం బీపీ యంత్రం, వాకీటాకీ. ఇప్పుడు మా కోడలు ఆ దారినే ఆఫీసుకు వెళ్తుంది. అప్పుడక్కడ నిలబడడానికి నీడ కూడా లేదంటే నవ్వుతుంది.

నాకిచ్చిన ఉత్తర్వు ఒక్కటే. పై అంతస్తులు ఎక్కేవాళ్లకు ఉదయం ఏడింటికి బీపీ చూడాలి. ఎక్కువుంటే ఆ రోజు పని లేదు. అందుకని బీపీ ఉన్నవాళ్లు గోలీ వెంట తెచ్చుకునేవారు. మింగి, కాసేపు పడుకొని, మళ్లీ చేయి చాపేవారు. అంకె దిగితే గండం గడిచిందని వాళ్ల లెక్క.

క్రేన్‌కు సైగలు చేసే యాదయ్యది పాత బీపీ. అతని గోలీలు భార్య లక్ష్మమ్మ దగ్గర ఉండేవి. ఆమె అక్కడే ఇటుకలు మోసేది.

ఒక మధ్యాహ్నం వాకీటాకీ పలికింది. "సార్, పైనుంచి పరంజా ఇనుప క్లాంపు జారి యాదయ్య తలకు తగిలింది. ఓవర్."

అతను నడుచుకుంటూనే వచ్చాడు. "ఏం గాలే సారూ. జర తల తిరుగుతుంది, గంతే." బీపీ 150. నాడి 88. వెంటనే జీపు అడిగాను.

"సిమెంటు కోసం లింగంపల్లి పోయింది సార్. వస్తది. ఓవర్," అన్నాడు గేటు కాపలా మనిషి.

పావుగంటకు 170. నాడి 64. వాంతి చేసుకున్నాడు. ఇంకో పావుగంటకు 190. నాడి 52. మాట ముద్దగా వస్తోంది.

మేస్త్రి తొంగి చూశాడు. "వానికి బీపీ ఎప్పుడూ గిట్లనే ఉంటది. గోలీ ఏసి పండవెట్టుండ్రి."

లక్ష్మమ్మ అప్పటికే గోలీ తీసి అతని నోటి దాకా తెచ్చింది. చేయి పట్టుకుని ఆపాను. "వద్దమ్మా. ఇది ఆ బీపీ కాదు."

సైన్యంలో ఒకసారి చూశాను. లోయలో పడ్డ మా డ్రైవరు కూడా ఇలాగే కాసేపు కబుర్లు చెప్పి, ఆ తర్వాత ప్రాణం వదిలాడు. తలలో రక్తం కారి నిండుతుంటే పుర్రె సాగదు. లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందదు. అందించడానికి ఒళ్లే బీపీ పెంచుతుంది, నాడి నెమ్మదిస్తుంది. ఆ బీపీని దించితే అందే కాస్తా పోతుంది. నాకు భయం వేసింది. తల వైపు మంచం ఎత్తి, గేటు వైపు చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

జీపు వచ్చింది. కొత్తగూడ దాటకముందే అతని కుడి కంటి పాప పెద్దదైంది. పిలిస్తే పలకలేదు. దవాఖానలో ఆపరేషన్ చేశారు. సాయంత్రానికి పోయాడు.

వరండాలో లక్ష్మమ్మ అడిగింది. "గోలీ ఏసుంటే బతికెటోడు గద సారూ?"

నేను చెప్పాను. డాక్టరూ చెప్పాడు. అంతా విని తల ఊపింది. "సదువుకున్నోళ్లు, మీకే ఎరుక," అంది. నమ్మలేదు.

వానలు మొదలయ్యాక ఆ పని వదిలి నిజాంపేటలోని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు ఆమె నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. నా వల్లే మొగుడు పోయాడనుకుంటూ, వెళ్లేముందు నాకే దండం పెట్టింది. ఆ రెండు చేతులు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి.