ఖాళీ హాలులో విన్న ఏడుపు

కోరుట్లలో ఒక ఇంటీరియర్ డిజైనర్ దగ్గర నేను కరెంటు పని చేసేవాణ్ణి. ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. ఏ కొత్త గదిలోకి వెళ్లినా, కొలతలు తీసే ముందు ఆయన తలుపేసి కళ్లు మూసుకుని నిలబడేవాడు.

"గీ ఇంట్ల ఎవలు ఎట్ల మసులుతరో ఇనాలె తమ్మీ" అనేవాడు.

జగిత్యాలలో ఒక ఇంట్లో అలాగే నిలబడి, స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించాడు. ఆ ఇంట్లో ముసలివాళ్లెవరూ లేరు. కొన్నాళ్లకే ఇంటాయన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

సిరిసిల్లలో నేత కుటుంబాలు పెళ్లిళ్లకని హాలు కట్టుకుంటే, పైసా తీసుకోకుండా లోపలి పనంతా నెత్తినేసుకున్నాడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి చుట్టూ మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆయన ఎప్పటిలాగే లోపల ఒక్కడే నిలబడి, ఒళ్లంతా చెమటతో బయటికి వచ్చాడు.

"ఏమైందన్నా?"

"నా బిడ్డ ఏడుస్తున్నట్టు ఇనబడ్డది."

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది. "నేనెందుకు ఏడుస్త బాపూ? అన్నం తింటున్న. నువ్వు తిన్నవా?"

ఫోన్ పెట్టేశాక కూడా ఆయన ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు.

హాలులో ఒక్క పెళ్లయినా జరగకముందే ఆయన గుండె ఆగిపోయింది. నేతవాళ్లు సంతాపసభ అక్కడే పెట్టి, కుటుంబాన్ని పిలిపించారు. బిడ్డ ఏడుపు ఆ గోడలకు తగిలి తిరిగి వస్తుంటే, నేను కూర్చోలేక లేచి వచ్చేశాను.

ఇప్పుడు కొత్త ఇళ్లలో పనికి వెళ్తే, ఖాళీ గదిలో అడుగుపెట్టే ముందే ఫోన్‌లో పాటలు గట్టిగా పెడతాను. నాకు పాటల పిచ్చి అనుకుంటారు ఇంటివాళ్లు.