బోర్డు మీద నెమలి

పక్షుల ఫొటోలు తీద్దామని తార్నాక ఆత్రేయగారు అరచేతిలో ఇమిడే మిర్రర్‌లెస్ కెమెరా కొని రెండేళ్లయింది. దూరపు వాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్ దానికి ఏది తగినదో మాత్రం ఇంకా తేలలేదు. వారానికొకటి అద్దెకు తెచ్చి, పరీక్షకని యూనివర్సిటీ క్యాంపస్‌లో దూరంగా ఉన్న బోర్డును ఫొటో తీస్తారు. ఇంటికెళ్లి, అక్షరాల అంచులు పెద్దవి చేసి చూసుకుని, పెదవి విరుస్తారు.

ఆ ఉదయం కొత్త లెన్స్ బిగించి గురిపెట్టారు. ఇంతలో నెమలి ఒకటి ఎగిరొచ్చి ఆ బోర్డెక్కి కూర్చుంది. వేలాడిన తోక అక్షరాలన్నిటినీ కప్పేసింది.

"శివమ్మా, దాన్ని కాస్త అదిలించు" అన్నారు, దగ్గర్లో ఊడుస్తున్న స్వీపరుతో.

శివమ్మ చీపురు ఆపింది. "రెండేండ్ల సంది పక్షుల కోసమే గద సారూ తిరుగుతున్నవ్?"

"ముందు లెన్స్ తేలాలిగా" అంటూ ఆయనే చప్పట్లు కొట్టి నెమలిని తోలేశారు.