బ్యాగు బస్సెక్కింది

నడవడం కోసం నేను మొదట చేసిన పని బ్యాగు కొనడం. ఆ తర్వాత ఏడాది దాకా నడవలేదు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. గద్వాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేస్తుండేదాన్ని. పరీక్షల ఫలితాలొచ్చే రోజుల్లో లోపల నిలబడే చోటుండేది కాదు. మిగతా రోజుల్లో ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే. అట్లాంటి ఒక ఖాళీ మధ్యాహ్నం, సంచి వీపున వేసుకుని రోజుల తరబడి కొండల్లో తిరిగే మనుషులు రాసుకున్న సంగతులు నా కంటబడ్డాయి. దాన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారని అప్పుడే తెలిసింది. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా ఒక్కో ఫోటో పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంటుంటే కన్నార్పకుండా చూసేదాన్ని. వాళ్ళు చూసిన కొండల గురించి కొంచెమే రాసేవారు. మోసిన సామాను గురించి మాత్రం పేజీలకు పేజీలు. ఏ బూట్లు, ఏ బ్యాగు, చెంచా ఎంత తేలికగా ఉండాలి, అన్నీ. అవన్నీ లేకుండా గడప దాటకూడదు కాబోలనుకున్నాను.

హైదరాబాదులో ఉండే చిన్నాన్న కొడుకుతో ఆదివారం సంతలో ఒక బ్యాగు తెప్పించుకున్నాను. నిలబెడితే నా నడుం దాకా వచ్చేది. దానికి వేలాడే పట్టీలు ఎందుకో సగం నాకు తెలియదు. దాంట్లోకి తాడు, టార్చి, రెయిన్‌కోటు, చిన్న స్టవ్వు, పరుచుకోవడానికి పట్టా ఒక్కొక్కటిగా చేరాయి. మాది చేనేత ఇల్లు. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు, ఒకటి నాయినది, ఒకటి అన్నది. సాయంత్రం సెంటర్ నుంచి రాగానే బ్యాగు తగిలించుకుని ఆ మగ్గాల సందులో అటూ ఇటూ తిరిగేదాన్ని.

"పడుగు దారాలు తెంపుతవు పిల్లా! ఆ మూట దించు ముందుగాల," అని నాయిన అరిచేవాడు.

మరుసటి ఏడాది దీపావళి పోయాక ఒక పగటిపూట వదిన మగ్గానికి నూలు కండెలు చుడుతూ అడిగింది. "ఇంతకూ యాడికి పోదామని నీ తయారు?"

"హిమాలయాలకు."

"మంచిగనే ఉంది. ముందుగాల మా అమ్మగారింటికి పోదాం, నడుసుకుంట."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వదిన పుట్టిల్లు, నాగర్‌కర్నూల్ ఇంకొంచెం దూరం ఉందనగా వచ్చే ఒక ఊరు. జూరాల దాటి, ఆత్మకూరు, వనపర్తి, గోపాల్‌పేట మీదుగా పోవాలి. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఆ దారిన బస్సులోనే పోయింది, బస్సులోనే వచ్చింది.

"కిటికీ కాడ కూసుంటె గుట్టలు ఉరుకుతనే ఉంటయి. ఒక్కపారన్న వాటి ముంగట నిలవడి సూడాలె," అంది.

ఇంటర్నెట్‌లో నేను ఏడాదిగా వెతుకుతున్నది మా వదిన కండెల దగ్గర కూర్చుని ఇంత తేలిగ్గా చెప్పేసింది!

నాయిన వింటూనే మగ్గం ఆపాడు. "బస్సులు బందైనయా? ఇద్దరు ఆడోళ్ళు రోడ్డువట్టి నడుసుకుంట పోతె ఊరోళ్ళేమంటరు? బస్సు కిరాయి కూడ పెట్టలేదంటరు."

"మొక్కనుకోండ్రి మామా," అంది వదిన.

"ఏ దేవునికి?"

వదిన మళ్ళీ కండెల మీదికి వంగింది. అన్న గుంటలోంచి తల ఎత్తకుండానే, "పోనియ్యి నాయినా. ఈ చీర దిగినంక కొత్త పడుగు ఎక్కేదాంక మనకూ పనిలేదు గద," అన్నాడు. నాయిన గొణిగాడు కానీ వద్దనలేదు. అమ్మ అప్పటికే జొన్నరొట్టెలు చేయడానికి లేచింది.

తెల్లవారుతుండగా బయలుదేరాం. నా వీపున ఆ బ్యాగు. వదిన దగ్గర ఒక గుడ్డసంచి, అందులో ఒక చీర, రొట్టెల మూట, ఎండుకారం. ఊరు దాటి ధరూర్ రోడ్డు ఎక్కేసరికి నాకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, పరుగెత్తాలనిపిస్తోంది. పరుగెత్తలేను, బ్యాగు వెనక్కి లాగుతోంది. ప్రతి ఆటో మా పక్కన ఆగింది. ఒకతను మా నడకకు సరిగ్గా మెల్లగా నడుపుతూ వెంటబడ్డాడు.

"ఎక్కుండ్రి అక్కా. పైసల్ లేకున్నా సరే."

"పైసలున్నయి తమ్మీ. నడుస్తున్నం."

"ఎందుకు?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం. అతను మా మొహాలు మార్చి మార్చి చూసి, జాలిపడి వెళ్ళిపోయాడు.

ధరూర్ దాటాక పత్తిచేలల్లో ఏరుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూశారు. ఒకామె చేతులూపుతూ గట్టు మీదికి ఉరికొచ్చింది. "గద్వాల నుంచేనా? ఆగుండ్రి, ఆగుండ్రి! సూపియ్యుండ్రి జర!"

ఏం చూపించాలో అర్థమయ్యేలోపే ఏడెనిమిది మంది చుట్టూ చేరారు. గద్వాల వైపు నుంచి ఇంత పెద్ద మూటతో ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారంటే చీరలమ్మేవాళ్ళు కాక ఇంకెవరు? చీరల్లేవని చెప్పినా నమ్మలేదు. "మాకు అమ్మరా ఏంది? మేం కొనమా?" అని ఒకామె నిష్టూరమాడింది. చివరికి గట్టు మీద బ్యాగు విప్పాను. తాడు బయటికొచ్చింది. స్టవ్వు వచ్చింది. టార్చి, పట్టా, దోమల చుట్టలు, రెయిన్‌కోటు. ఒక్కో వస్తువూ చేతులు మారుతోంది, నవ్వులు పెరుగుతున్నాయి.

"తాడెందుకు బిడ్డా? బాయిల నీళ్ళు తోడనీకా?" అడిగింది అందరికన్నా పెద్దామె.

కొండలెక్కడానికన్నాను.

"గుట్టెక్కనీకె తాడా! కాళ్ళేమైనయి నీకు?"

అందరితో పాటు నేనూ నవ్వాను, కడుపు నొప్పి పుట్టేదాకా. ఆ పెద్దామె మమ్మల్ని ఆ రాత్రికి ఇంటికి రమ్మంది. ఆమెతో కలిసి సాయంత్రం దాకా పత్తి ఏరాం. వేళ్ళు గీరుకుపోయాయి. ఆమె ఇంట్లో పుల్లటి పుంటికూర పప్పు, జొన్నరొట్టె తిని చాప మీద పడుకున్నాం. నా పట్టా విప్పే అవసరమే రాలేదు.

మర్నాడు పొద్దున్నే జూరాల చేరాం. బస్సులో డ్యామ్ దాటడం నాకు తెలుసు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయేది. కాలినడకన అది అయిపోనే లేదు. ఒక పక్క దూరాన ఎక్కడో ఆకాశంలో కలిసిపోయిన నీళ్ళు, ఇంకో పక్క బండల మధ్య చీలిపోయిన కృష్ణ. కింద ఒక గేటులోంచి నీళ్ళు దూకుతున్న చప్పుడు అరికాళ్ళలో తెలుస్తోంది. వదిన కటకటాలు పట్టుకుని గాలికి కొంగు వదిలేసింది. "ఓ..." అని నది మీదికి గట్టిగా అరిచింది. మా ఇంట్లో మగ్గం చప్పుడు మీద కూడా ఎప్పుడూ గొంతు లేవని మనిషి! నేనూ అరిచాను. అవతల వేయించిన చేపలమ్మే గుడిసె ముందు కూర్చున్న మనుషులు లేచి చూశారు. వాళ్ళ దగ్గరే వేడివేడి చేపలు వేళ్ళు కాలుతుండగా తిన్నాం.

కానీ ఆ మధ్యాహ్నానికి నా భుజాలు పచ్చిపుండయ్యాయి. అమరచింతలో మా పెద్దమ్మ ఇల్లుంది, వాళ్ళూ నేతవాళ్ళే. రవిక జరిపి చూసి పెద్దమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టింది. మర్నాడు పెద్దనాయిన చీరలు ఇవ్వడానికి నాగర్‌కర్నూల్ పోతున్నాడు. వదిన నన్ను చూసింది. నేను బ్యాగును చూశాను.

"పెద్దమామా, గీ బ్యాగు మా అమ్మగారింట్ల దించిపోతవా?" అడిగింది వదిన.

"దించుత. మరి మీరు?"

"మేం నడుస్తం."

పెద్దనాయిన దాన్ని బస్సెక్కించి తన పక్క సీట్లో మనిషిలా కూర్చోబెట్టుకున్నాడట. నేను ఒక చీర, దువ్వెన, నీళ్ళ సీసా వదిన సంచిలో పడేశాను. ఆ సంచినే మార్చి మార్చి మోశాం.

అమరచింత ఊరు దాటగానే పరుగెత్తాను. నిజంగానే, రోడ్డు మీద, చెప్పులు చేత్తో పట్టుకుని. బ్యాగు మోసినప్పుడు నేను చూసిందల్లా నా కాళ్ళ ముందరి తారు. ఇప్పుడు తల ఎత్తితే ఎన్ని ఉన్నాయో! కోసిన వరిమళ్ళలో కొంగలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. వదిన రోడ్డు దిగి ఒక గుట్టెక్కింది. కళ్ళు విచ్చిన పండ్లు కొంగునిండా కోసుకొచ్చింది. గుండు మీద కూర్చుని గింజలు ఎవరు దూరం ఉమ్ముతారోనని పందెం వేసుకున్నాం. వదినే గెలిచింది.

ఒక రాత్రి ఆత్మకూరు దాటాక ఒకరింట్లో, ఇంకో రాత్రి వనపర్తిలో నాతో చదువుకున్న స్నేహితురాలి ఇంట్లో ఆగి, మళ్ళీ బయలుదేరాం. గోపాల్‌పేట దారిలో ఉండగా వాన పట్టుకుంది. దీపావళి తర్వాత వానేమిటి అనుకునేలోపే కుండపోత. రెయిన్‌కోటు బస్సులో ఎప్పుడో ముందు వెళ్ళిపోయింది. రోడ్డు పక్క ఒక పెద్ద గుండు కింద మేకలతో ఒక తాత నిలబడి ఉంటే నేను ఉరికి అక్కడ దూరాను. తిరిగి చూస్తే వదిన రాలేదు. రోడ్డు మీదే నిలబడి ఉంది, మొహం ఆకాశానికెత్తి.

"వదినా! తడుస్తున్నవ్!"

"తడవనియ్యి!"

మా ఇంట్లో వాన పడితే మొదట పరుగెత్తేది వదినే. ఆరేసిన నూలు తీయాలి, కారే చోట గిన్నెలు పెట్టాలి, మగ్గం గుంటలోకి నీళ్ళు రాకుండా అడ్డం వేయాలి. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి వాన అంటే ఆమెకు పరేషాన్ తప్ప ఇంకోటి కాదు. తీయాల్సిన నూలు లేని వానను ఆమె ఇప్పుడే చూస్తోంది. నేనూ బయటికొచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. చినుకులు నుదుటి మీద దబదబ కొడుతుంటే ఇద్దరం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగాం. చల్లగా, హాయిగా, పిచ్చిగా ఉంది.

వణుకుతూ గుండు కిందికి వచ్చాక తాత తన గొంగడి అంచు మా మీద కప్పాడు. "మీకు ఇల్లు లేదా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"ఉంది తాతా. మంచిగుంది," అంది వదిన పళ్ళు టకటకలాడుతుండగా. "గందుకే జర బయటికొచ్చినం."

తాతకు అది అర్థమైందో లేదో, తలూపాడు. వాన తగ్గాక గోపాల్‌పేటలో ఒక హోటలామె మమ్మల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆరబెట్టింది. రాత్రికి తన ఇంట్లోనే పడుకోమంది.

వదిన ఊరు చేరేసరికి మరుసటి రోజు పొద్దు వాలుతోంది. వాకిట్లో చాట పట్టుకుని ఉన్న వాళ్ళమ్మ మమ్మల్ని చూసింది. బురద కొట్టుకున్న చీర అంచులు, నల్లబడిన మొహాలు. చాట కింద పడేసింది.

"ఏమైంది బిడ్డా? కొట్టిండా? ఎల్లగొట్టిండ్రా?"

"ఏం కాలేదమ్మా. నడవబుద్దయ్యింది. నడిసినం."

"గద్వాల నుంచి? దేనికి?"

వదిన అరుగు మీద కూలబడి, నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే పత్తిచేను, జూరాల గాలి, సీతాఫలాలు, వాన, మేకల తాత అన్నీ కలగాపులగంగా చెబుతోంది. వాళ్ళమ్మ మొదట తల పట్టుకుంది. తర్వాత వేడినీళ్ళు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, తానూ అక్కడే కూర్చుంది. "మల్ల? మల్లేమైంది?" అని అడగడం మొదలుపెట్టింది. నా బ్యాగు లోపలి గదిలో గోడకు ఆనించి ఉంది. దాన్ని విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

రెండు రోజులుండి, బ్యాగును అక్కడే వదిలేసి, గద్వాలకు బస్సు కోసం నాగర్‌కర్నూల్ బయలుదేరాం. వదిన తమ్ముడు ఆటో పిలుస్తానన్నాడు. అప్పటికే వాళ్ళమ్మ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఆటో ఎందుకు? చేన్లవడి పోతె దగ్గర. నేను దారి సూపిస్త," అని మా కన్నా ముందు నడిచింది. బస్టాండు వచ్చేదాకా ఆమె మాట ఆగలేదు. పెళ్ళి కాకముందు ఏ గుట్టెక్కేదో, ఏ వాగు దాటేదో, వదినకు కూడా తెలియని కథలన్నీ ఆ దారిలోనే విన్నాం.