సాంబ్రాణి చెట్టుకు చెప్పుకున్న గోడు

మా సుమత్రా కొండల్లో మగాడు పెళ్లాంతో తగువుపడి అడవికెళ్తే సాంబ్రాణి చెట్టు అలుగుతుంది, జిగురు కార్చదు. అందుకే రుమోండాంగ్ తన కోరికలన్నీ మొగుడు బయల్దేరే పొద్దున్నే బయటపెట్టేది. కొత్త శాలువా, వంటింటికి రేకులు, వాళ్లమ్మకో పందిపిల్ల.

"అలాగేలేవే," అని తియోపాన్ పళ్లు కొరుక్కుంటూ నవ్వేవాడు.

చెట్టుకు పాట పాడటం ఇంకో ఆనవాయితీ. ఏం పాడతాడో విందామని ఆమె ఒకసారి వెనకాలే వెళ్లి పొదచాటున నక్కింది. అతను చెట్టును కావిలించుకుని శాలువా నుంచి పందిపిల్ల దాకా ఏడుపు రాగం తీస్తున్నాడు. పాత గాట్లనిండా తెల్లటి జిగురు ఉండలు కట్టింది. సెంటు వాసనను పట్టి ఉంచే ఎస్టర్లు దండిగా ఉండే మేలురకం.

మళ్లీ అతను బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మంలో నిలబడింది.

"నీ పాట విన్నానయ్యా. మా చెల్లెలికీ ఒక పందిపిల్ల కావాలి. నువ్వు బాగా ఏడిస్తేనే గదా, చెట్టూ ఏడ్చేది."