“హా! చూస్కోండి సార్”

నేను విందులకు వెళ్ళినప్పుడల్లా కారు నడపడానికి కంకిపాడు నుంచి ఒక డ్రైవరు వచ్చేవాడు. తాగేది నేను కాబట్టి అతను కావాల్సి వచ్చేది. తాళం తిప్పేముందు నా వైపు తిరిగి, నోరు తెరిచి, “హా! చూస్కోండి సార్” అనేవాడు. ఎప్పుడూ యాలకుల వాసనే.

అడక్కుండానే ఊదేవాణ్ణి చూస్తే అనుమానం రాదా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడనుకున్నాను. ఓ ఆదివారం పటమటలో మా బాల్కనీలో కూర్చుని, గ్లాసు పక్కన పెట్టుకుని మరీ, కోర్టు వెబ్‌సైట్లో అతని పేరు కొట్టాను. దొరికింది! తాగి బండి నడిపిన కేసు, జరిమానా. అదే ఇంటిపేరు, అదే పేరు. మర్నాడు ఓ విందుకని అతను రాగానే, పెద్ద డిటెక్టివ్‌లా ఫోను అతని ముఖం ముందు పెట్టాను.

చూసి నవ్వాడు.

“మా పెదనాన్న కొడుకండీ. ఇద్దరికీ మా తాత పేరే పెట్టారు. ఇది చూసే ఆటోనగర్లో నన్ను పనిలోంచి తీసేశారు. అప్పట్నుంచీ ఎవరూ అడక్కముందే ఊదేస్తున్నా.”

“మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే ఎవరు నమ్ముతారండీ? వాసనైతే నమ్ముతారు.”

ఆ తర్వాతి విందు నుంచి తిరిగొస్తూ, న్యాయమంటే ఇద్దరికీ ఒకటే కదా అనిపించి, కారెక్కగానే నేనూ అతని వైపు తిరిగి “హా” అన్నాను.

అతను మర్యాదగా తన వైపు అద్దం దించుకున్నాడు.