పాత బ్యాటరీ సౌండు

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదండి. తాడేపల్లిగూడెంలో యాంప్లిఫయర్లు, మైకులు బాగుచేసే షాపు నాది. సౌండు వస్తే కరెంటు అందుతున్నట్టు, రాకపోతే ఎక్కడో వైరు ఊడినట్టు. నాకు తెలిసింది అంతే. చదివింది అయిదో తరగతి. ఇలా రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. మా ఊళ్ళో ఆనందరావు గారని లీడ్ గిటార్ వాయించే ఆయన ఉండేవారు. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా, ఆదివారం చర్చిలో పాటలు, అవకాశం దొరికితే కాలేజీ ఫంక్షన్లలో రాక్. స్టేజీ మీద ఆయన తీగ సాగదీస్తే, గొంతు పూడుకుపోయిన మనిషి ఏడుస్తున్నట్టు ఉండేది.

గిటార్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య కాలితో నొక్కే చిన్న ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. ఆ ఏడుపులోని గరగర తెచ్చేది అదే. అది బ్యాటరీ మీద నడుస్తుంది. కార్డ్‌లెస్ మైకుల్లోంచి తీసి నేను పక్కన పడేసిన బ్యాటరీలు ఆయన ఏరుకునేవారు. "కొత్తది వద్దండి బాబూ, మరీ శుభ్రంగా పలుకుతాది" అనేవారు. పీనాసి గిటారిస్టు గారని నేను ఆటపట్టించేవాణ్ణి.

ఆయన జ్వరంతో ఏలూరు ఆస్పత్రిలో పోయారు. ఏడాదికి చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. దానికి ముందు ఆయన భార్య మరియమ్మ గారు షాపుకొచ్చారు. ఆవిడ దగ్గరున్నది ఆయన వాయించిన ఒక్క పెళ్ళి క్యాసెట్టు. అందులో డ్రమ్ముల మోత తప్ప ఇంకేం వినపడదు.

"ఆయన మొహం గుర్తుందండీ. ఆ సౌండే మర్చిపోతున్నాను. ఒక్కసారి వినిపించండి" అన్నారు.

వాయించేది ఆయన తమ్ముడు డేవిడ్. గిటారూ, డబ్బా, యాంప్లిఫయరూ అన్నీ ఆయనవే. సౌండు తిప్పే నాబుల దగ్గర ఆవిడ గోళ్ళరంగుతో ఆయన పెట్టుకున్న గుర్తులు కూడా ఉన్నాయి. సరిగ్గా వాటికే పెట్టాం. ఆయన మీద గౌరవంతో కొత్త బ్యాటరీ నేనే వేశాను. కూటం రోజు మధ్యాహ్నమంతా చర్చిలో కుస్తీ పట్టాం. దోమ పాడినట్టు వచ్చింది. డేవిడ్‌కి ఏడుపొచ్చి, మొహం కడుక్కోవడానికి బయటికెళ్ళాడు.

అప్పుడు వెలిగింది నాకు, ఆయన పాత బ్యాటరీలు ఏరుకున్నది పీనాసితనంతో కాదు, ఆ గరగర కోసమని. బ్యాటరీ ఊడదీసి చొక్కా జేబులో వేసుకుని, పాతది తేవడానికి సైకిలెక్కాను. షాపులో ఒక్కటీ లేదు. ముందు రోజే చెత్తంతా ఊడ్చి పారబోశాను.

ఉత్త చేతులతో తిరిగొస్తుంటే చర్చి గేటు దగ్గరే వినపడింది. అదే సౌండు. అదే ఏడుపు.

లోపల కూటం మొదలైపోయింది. డేవిడ్ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, కాలు డబ్బా మీదుంది. మరియమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల వంచుకున్నారు. డేవిడ్ ఎక్కడో పాత బ్యాటరీ సంపాదించాడనుకున్నాను.

పాటయ్యాక వాడే నన్నడిగాడు. "అన్నయ్యా, ఏం బ్యాటరీ వేశారు?"

డబ్బా విప్పాను. లోపల ఖాళీ. వైరు వేలాడుతోంది. బ్యాటరీ నా జేబులోనే ఉంది. మళ్ళీ వాయించమన్నాను. డబ్బా నొక్కితే చప్పుడే లేదు.

మరియమ్మ గారికి చూపించాను. నా చేతిలో బ్యాటరీ చూసి, ఏడాది తర్వాత మొదటిసారి నవ్వారు.

"మీ కొత్త బ్యాటరీ ఆయనకెప్పుడూ నచ్చలేదు కదండీ."

ఆ డబ్బాని తర్వాత ఎన్నిసార్లు విప్పి చూశానో. బ్యాటరీ లేకుండా అది పలకదు. ఆ రోజు పలికింది. ఎలాగన్నది ఇప్పటికీ నాకు తెలీదు. పాత బ్యాటరీలు పారెయ్యడం మాత్రం మానేశాను.