జబ్బు అక్కది, జవాబు తమ్ముడిది

కత్తెరక్కకు పదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి చెవులు పోయాయి. నోరు మాత్రం పోలేదు. ఆ నోటికి జడిసి ఆమె కుట్టు దుకాణంలో ఎవరూ బేరమాడేవారు కాదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేసేది. చొక్కా ఆలస్యమైందని ఎవరైనా గొణిగితే, "గొణగకు, నాకు కనబడుతోంది" అనేది.

అలాంటి మనిషి ఆస్పత్రి గడప తొక్కితే మూగదైపోయేది. అంతా తమ్ముడి చలవ. అక్కకు చెవులూ తానే, నోరూ తానే అనుకునేవాడు. ప్రేమకు లోటు లేదు, ఓపికకే కరువు.

ఆ మధ్య ఆమెకు గుండెదడ పట్టుకుంది. ఊరికే కూర్చున్నా గుండె కుట్టుమిషనులా పరుగెత్తేది. తమ్ముడు గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు పెదవులు చూద్దామంటే మాస్కు అడ్డం. ఆయన తమ్ముడివైపు తిరిగి ఏవేవో అడిగాడు. అన్నిటికీ తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"ఏం అడుగుతున్నాడురా?"

"ఏం లేదులే అక్కా. మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

బయటికొచ్చాక గుండె వేగం తగ్గించే బిళ్ళలు ఆమె చేతిలో పెట్టాడు.

దడ తగ్గింది, ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఊపిరాడదు. పడుకుంటే రొమ్ము మీద ఇస్త్రీపెట్టె పెట్టినంత బరువు. తమ్ముడికి చెబితే, "కొత్త మందు కదా, అలవాటు పడాలి" అని తేల్చేశాడు.

ఒకరోజు చెప్పుల కొట్టావిడ గుండీ కుట్టించుకోవడానికి వచ్చి, ఆమె వంక వింతగా చూసింది.

"ఏంటి వదినా, నీ గుండెల్లో పిల్లికూతలు వినబడుతున్నాయి!"

కత్తెరక్క చేతిలో సూది ఆగిపోయింది. చెవులు బాగున్న రోజుల్లో ఆ కూతలు తనూ విన్నది. చిన్నప్పుడు చలికాలమంతా ఉబ్బసమే. అమ్మ వీపు నిమురుతూ కూర్చునేది. తమ్ముడు అప్పటికింకా పుట్టనే లేదు.

మర్నాడు మళ్ళీ ఆస్పత్రి. మళ్ళీ మాస్కు. డాక్టరు కళ్ళు మళ్ళీ తమ్ముడివైపే. "దడ తగ్గిందండీ, కాస్త ఆయాసం, అంతే" అని తమ్ముడి పెదవులు కదిలాయి.

ఆమె బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"జబ్బు నాది! అడిగేదేదో నన్నడగండి! ఆ మూతికున్నది తీసి అడగండి!"

గొంతు ఎంత పెద్దదైందో ఆమెకు తెలియదు. తలుపు తీసి నలుగురు తొంగిచూశారు. తమ్ముడి ముఖం కందిపోయింది.

"అక్కా, మెల్లగా..."

"నువ్వు బయటికి నడు."

డాక్టరు మాస్కు దించాడు. "ఉబ్బసం ఉందామ్మా?"

"చిన్నప్పుడు ఉండేది. ఇప్పుడు మళ్ళీ వచ్చింది."

"ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ బిళ్ళతో ఊపిరిగొట్టాలు బిగుసుకుపోవచ్చు. అందుకే ఆరోజు అడిగాను. లేదన్నారు."

"ఎవరన్నారు? వాడా? నాకు ఆయాసం వచ్చేనాటికి వాడు భూమ్మీదే లేడు!"

డాక్టరు కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు. "మిమ్మల్నే అడగాల్సింది" అన్నాడు. రొమ్మంతా విని, ఊపిరి తేలికపడే మందు పీల్పించాడు. ఆ బిళ్ళ మానిపించి వేరే రకం రాశాడు. ఎందుకు మార్చాడో, ఏమైతే వెంటనే రావాలో ఆమెకు అందేలా నిదానంగా చెప్పాడు. ఆమె ఆ మాటలన్నీ తిరిగి ఆయనకే అప్పజెప్పి, ఔననిపించుకుంది.

లేచి తలుపు తీసేసరికి తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. డాక్టరు వాణ్ణి చూసి, "వారం తర్వాత మళ్ళీ రావాలని మీ అక్కగారికి చెప్పండి" అన్నాడు.

నమస్కారం పెట్టడానికి వెనక్కి తిరిగిన ఆమె ఆ పెదవులూ చూడనే చూసింది.

"ఇక్కడే చచ్చానయ్యా నేను!"

కూతలు వారంలోగానే తగ్గాయి, దడా అదుపులోనే ఉంది. తమ్ముడు మాత్రం మూతి ముడుచుకుని తిరిగాడు. "నీ మంచికేగా అక్కా నేను చెప్పింది" అన్నాడు ఒకనాడు.

"మంచికే, కాదన్నానా? ఈసారి నువ్వు రాకు. అది నా మంచికీ, నీ మంచికీ."